నీళ్లు వద్దన్న ఆడవాళ్లు

పులిహోర పొడిపొడిగా ఉండాలని గోపాలరావు పట్టుదల. కలిపేది మాత్రం భార్య అరుణకుమారి. లాక్‌డౌన్ వచ్చి నెల దాటింది. నాచారం ఫ్యాక్టరీలు మూతపడ్డాక కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని, ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డు పట్టి సొంతూళ్లకు నడుస్తున్నారు. కాలనీ తరఫున వాళ్లకు రోజూ వంద పొట్లాలు, వంద నీళ్ల సీసాలు పంచాలని సంఘం అధ్యక్షుడైన గోపాలరావు నిర్ణయించాడు. "వంద పొట్లాలే కదా కుమారీ, ఎంతసేపు?" అన్నాడు. ఎంతసేపో ఆవిడ నడుముకు తెలుసు. తెల్లవారకముందే లేచి పది కిలోల బియ్యం వార్చాలి, చింతపండు పిసకాలి, పోపు పెట్టాలి, పొట్లాలు కట్టాలి. మధ్యలో ఆవిడ క్లర్కుగా చేసే కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ ఫోను: "ఇంట్లో ఖాళీగానే ఉన్నారుగా మేడం, ఆ హాజరు పట్టికలు కాస్త టైపు చేసి పంపండి."

పొట్లాలు తయారయ్యాక మగవాళ్లు నలుగురు చేతులకు గ్లవుజులు తొడుక్కుని, ఆ రోడ్డు మీదే ఉన్న గోపాలరావు ఇంటి గేటు ముందు నిలబడతారు. పంచుతూ వీడియో తీసుకుంటారు. అది చూసి తెనాలి నుంచి అత్తగారు మురిసిపోయారు. "మావాడిది చిన్నప్పట్నుంచీ దానకర్ణుడి చెయ్యమ్మా! నువ్వు కాస్త ఉప్పు చూసి వెయ్యి" అన్నారు. అరుణకుమారికి నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

ఒకరోజు భోజనాల దగ్గర గోపాలరావు విసుక్కున్నాడు. "ఆ ఆడవాళ్లకు ఎంత పొగరో! పొట్లం తీసుకుంటారు, నీళ్లు మాత్రం వద్దంటారు. సీసాలు సగం మిగిలిపోతున్నాయి." దీని మీద సంఘంలో చర్చ కూడా జరిగింది. నీళ్లు వేడిగా ఉన్నాయేమోనని ఒకరు, మనమీద అనుమానమేమోనని ఇంకొకరు. చివరికి ఐసు తెప్పించాలని తీర్మానించారు. ఆడవాళ్లను అడిగి చూద్దామని ఎవరికీ తోచలేదు.

మర్నాడు పొట్లాలు చాలకపోతే అరుణకుమారే రెండో గంప మోసుకుని గేటు దగ్గరికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నలభై ఏళ్ల మనిషి ఒకామె పొట్లం అందుకుని, సీసాను వెనక్కి నెట్టింది. పెదాలు పగిలి ఉన్నాయి.

"నీళ్లు తాగమ్మా, ఎండలో పడిపోతావు."

ఆమె గోపాలరావు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "తాగితే యాడనన్న ఆగాలె గదమ్మా. పొద్దుగాలనే రూము ఖాళీ చేసినం. లారీ దొరుకుతదని మెట్రో పిల్లర్ కింద పన్నెండు దాకా కూసున్నం. మొగోళ్లు గోడచాటుకు పోయొస్తున్నరు. మేమేడికి పోవాలె? జనగామ దాకా గిట్లనే పోవాలె."

అరుణకుమారి సీసాను పక్కన పెట్టేసింది. కాలేజీలో ఆడవాళ్ల బాత్రూం తాళం ప్యూను దగ్గర ఉంటుంది. అతన్ని వెతుక్కుని, అందరి ముందూ అడగలేక, పన్నెండేళ్లుగా ఆవిడ సాయంత్రం దాకా నీళ్లు ముట్టదు. "మా ఆవిడకు దాహమే వెయ్యదు" అని గోపాలరావు చుట్టాల దగ్గర వేళాకోళమాడతాడు. అంత తెలిసిన తను కూడా నెల రోజులుగా సీసాలు సర్దుతూనే ఉంది. సిగ్గేసింది.

"లోపలికి రా. నీతో ఉన్నవాళ్లను కూడా పిలువు."

"కుమారీ! కరోనా! ఇంట్లోకి ఎలా రానిస్తావు?"

"పెరట్లో బాత్రూం ఉందిగా. కడిగేది నేనేగా, కడుగుతాను."

ఏడుగురు వచ్చారు. మూటలు గోడవారగా దించి, ఒకరి తర్వాత ఒకరు వెళ్లొచ్చారు. ముఖాలు కడుక్కున్నారు, చీరలు సర్దుకున్నారు. ఆ ముందొచ్చిన మనిషి, పేరు సత్తమ్మట, చెంబెడు నీళ్లు నిలబడే గటగటా తాగింది. ఇంకో చెంబు అడిగి, అదీ తాగింది.

"నీ కడుపు సల్లగుండ. గీ బువ్వంత నువ్వే వండినవా?"

"ఊ."

"ఒక్కదానివే? మరి నువ్వు తిన్నవా?"

నెల రోజుల్లో అరుణకుమారిని ఆ ప్రశ్న అడిగింది ఈవిడే. తల్లి పోయాక అసలెవరైనా అడిగారా అంటే గుర్తు రావడం లేదు. కళ్లు తుడుచుకుంటుంటే సత్తమ్మ దూరం నుంచే మందలించింది: "అగో, ఏడుస్తున్నవేంది? పో, ఓ పొట్లం తెచ్చుకో. నువ్వు తింటెనే మేం లేస్తం." ఆవిడ మెట్టు మీద కూర్చుని తింది. ఎదురుగా పెరట్లో వాళ్లు ఏడుగురూ కూర్చుని తిన్నారు. "మస్తుగున్నదమ్మా" అంది సత్తమ్మ. వంట బాగుందన్న మాట విని కూడా ఎన్నాళ్లయిందో.

వెళ్తూ సత్తమ్మ చేతులెత్తి దండం పెట్టింది. అరుణకుమారీ అంతకంటే వంగి పెట్టింది. ఆ మనిషికి తనేమిచ్చింది, ఐదు నిమిషాల చాటు. ఆ మనిషి తనకిచ్చిన దానితో మాత్రం గుండె నిండిపోయింది.

సాయంత్రం గోపాలరావు పెరడంతా బ్లీచింగ్ చల్లి, అలిసిపోయి కుర్చీలో కూలబడ్డాడు. ఈపాటికి సత్తమ్మ వాళ్లు పోచారం దాటి ఉంటారు. చల్లగా చేరాలి తల్లీ అనుకుంటూ అరుణకుమారి అతని పక్కన వచ్చి కూర్చుంది.

"ఐసు అక్కర్లేదని చెప్పండి. రేపట్నుంచి గేటు దగ్గర నేనుంటాను. ఆడవాళ్లను లోపలికి పిలవాలి."

"మరి వంట?"

"అధ్యక్షులు మీరేగా," అంది అరుణకుమారి, "మీటింగు పెట్టండి."