వదిన మొక్క బొజ్జ అంగుళం తగ్గింది

ఆగండాగండి, ఇది విన్నాకే వెళ్లండి! ఒక దర్జీకి వాళ్ల వదిన తన ఎడారి గులాబీ మొక్కని అప్పజెప్పి ఊరెళ్లింది. కింద కాండమే కుండలా ఉబ్బిన బొజ్జ, పైన గులాబీరంగు పూలు.

"రోజంతా ఎండలో ఉంచు మరిదీ. నీళ్లు బొజ్జలో దాచుకుంటుంది, ఊరికే పొయ్యకు. బొజ్జ మెత్తబడితే వాసన చూడు. ఏ వాసనా లేకపోతే దాహం, పొయ్యి. కంపు కొడితే కుళ్లు, చుక్క పోసినా చస్తుంది" అంది.

దర్జీ అలవాటుకొద్దీ రోజూ టేపుతో దాని నడుము కొలిచాడు. ఇవాళ అంగుళం తగ్గింది, నొక్కితే మెత్తగా ఉంది. వదినేమో ఇంకాసేపట్లో దిగుతోంది! దర్జీకేమో జలుబు, ముక్కు దిబ్బడ.

అప్పుడే లెక్కల మాస్టారు తన ప్యాంటు కోసం వచ్చాడు. దర్జీ ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడ వదిలేసి, కుండీ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టాడు.

"కాస్త వాసన చూడండి సార్!"

"నాకిదేం పరీక్షయ్యా?" అంటూనే మాస్టారు గట్టిగా పీల్చాడు. "ఏదో మాడుతోంది!"

"మొక్కా?"

"నా ప్యాంటు!"

ఇక కొట్టంతా మాడు కంపే, ఏ ముక్కుకీ మరేదీ అందదు. అంతలో వీధిలోంచి వదిన గొంతు: "మరిదీ, నా బొజ్జమ్మ కులాసానా?"

దర్జీ నీళ్ల చెంబు అందుకున్నాడు. మీరైతే పోసేస్తారా, నిజం చెప్పేస్తారా?