అడక్కుండా ఎత్తిన చక్రాలు

భోజనాలయ్యాక బల్ల తుడిచి, రెండు కుర్చీలు గోడ దగ్గరికి లాగాను. ఆ గోడకు విమానం కాక్‌పిట్ పటం అంటించి ఉంది. ఎడమ కుర్చీలో నేను, కుడి కుర్చీలో మా ఆయన. ఎల్లుండి ఆయనకు ఎయిర్‌లైన్ సిమ్యులేటర్‌లో పరీక్ష. ఇది రెండోసారి. మొదటిసారి తప్పారు.

ఇద్దరం ఒకే ఫ్లయింగ్ స్కూల్లో నేర్చుకున్నాం, ఒకే నెలలో పైలట్ లైసెన్సులు తెచ్చుకున్నాం. అప్పట్లో నువ్వు అని పిలిచిన మనిషిని పెళ్లయ్యాక అత్తయ్య కోసం మీరు అనడం మొదలుపెట్టాను. ఎయిర్‌లైన్ శిక్షణకు ముందు ఆయన వెళ్లాలని తీర్మానమైపోయింది. ఎవరు తీర్మానించారో నాకిప్పటికీ తెలియదు. "ఇద్దరూ ఎగిరిపోతే ఇల్లెవరు చూస్తార్రా?" అన్నారు మామయ్య నవ్వుతూ. నేనూ నవ్వాను, నా ఖర్మ కాలి. అప్పట్నుంచి కూరలు తరుగుతూ ఆయన చేత పాఠాలు అప్పజెప్పించుకుంటున్నాను. రేపు నా వంతు. రాతపరీక్ష గట్టెక్కాను. రేపు సిమ్యులేటర్‌లో కూడా నెగ్గితే అదే శిక్షణలోకి నన్నూ తీసుకుంటారు. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది, ఇక పిలవరు.

"రేపు మానుకోకూడదూ? నువ్వు రోజంతా పక్కన కూర్చుంటే గానీ నాకు ధైర్యం చాలదు" అన్నారాయన పొద్దున, ఇస్త్రీకి చొక్కా అందిస్తూ. అత్తయ్య అందుకున్నారు: "వాడు గట్టెక్కితే నువ్వు గట్టెక్కినట్టేగా అమ్మా." ఎవరూ కసరలేదు. కసిరినా బాగుండేది, తిరగబడటానికి వీలుండేది. బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇక వెళ్లనులే అనుకున్నాను కూడా.

ఇప్పుడు సాధన మొదలైంది. నడిపేది ఆయన, పక్కన నేను. నేల విడిచిన వెంటనే ఒక ఇంజన్ ఆగిపోయిందనుకోవాలి. "పైకెక్కుతున్నాం" అని పక్కవాళ్లు చెప్పాలి. "చక్రాలు ఎత్తు" అని నడిపేవాళ్లు అనాలి. ఆ మాట విన్నాకే పక్కవాళ్లు మీట కదపాలి. చక్రాలు వేలాడుతుంటే ఒంటి ఇంజన్‌తో విమానం సరిగా పైకెక్కలేదు. మొన్న పరీక్షలో ఆయన ఆ మాట అనలేదు, పక్కనున్నతను చెయ్యి కదపలేదు. "ఇంట్లో నువ్వు అడక్కుండానే ఎత్తేస్తావు. అందుకే నాకా మాట అలవాటు కాలేదు" అని తప్పు నా నెత్తిన రుద్దారు. ఒళ్లు మండిపోయింది. కానీ నిజమే. కాఫీ దగ్గర్నుంచి చక్రాల దాకా ఏదీ అడిగించుకున్నదాన్ని కాను.

"పైకెక్కుతున్నాం" అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన పటం వంక చూస్తూ ఉండిపోయారు.

"ఏంటి, ఎత్తవేం?"

"మీరు చెప్పలేదు."

"నీకు తెలుసుగా."

"తెలుసు."

ఇన్నేళ్లూ నాకు తెలిసిందంతా ఈ గోడ ముందే ముగిసిపోతుందని భయమేసింది. కుర్చీ వెనక్కి జరిపి లేచాను.

"రేపు పొద్దున్నే నేను పరీక్షకు వెళ్తున్నాను" అన్నాను.

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "మరి రేపు వాడి పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?"

"మీరు కూర్చోండి అత్తయ్యా. ఏ మీట ఎందుకో మీకు తెలియదు కాబట్టి, ఆయన నోరు తెరిచేదాకా ఆగుతారు."