పసుపు క్లిప్పు

క్లబ్బు నోటీసు బోర్డు మీద ఆ కాగితం చూసినప్పటి నుంచి నాకు కుదురు లేకుండా పోయింది. జనవరి ఇరవై ఆరున రిమోట్ కార్ల పందెం, ఎనిమిదేళ్ల తరువాత మళ్లీ మొదలు, పాత ఆటగాళ్లకు ప్రత్యేక ఆహ్వానం అని రాసి ఉంది. పాత ఆటగాళ్లట! మా కాలనీలో మిగిలిన పాత ఆటగాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంటికి వచ్చి అటకెక్కాను. దుమ్ముకొట్టుకుపోయిన అట్టపెట్టె దించాను. మళ్లీ ఎక్కించాను. మళ్లీ దించాను.

"ఏందయ్యా, కాలుగాలిన పిల్లిలా?" అంది మా ఆవిడ నిర్మలాదేవి. "జన్మలో దాన్ని ముట్టనని నువ్వే గదా ఒట్టేసింది? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట ఎవరో."

నా ఒట్టు సంగతి ఆమెకు తెలుసు. ఎందుకు వేశానో మాత్రం తెలియదు. ఎవరికీ తెలియదు. ఎనభై ఆరులో క్లబ్బు మైదానంలో జరిగిన ప్రమాదానికి కారణం నేను, నింద పడింది జైరాం మీద. ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి దాచిపెట్టి ఇప్పటికే ప్రాణం విసిగింది.

మా ఫ్యాక్టరీ భద్రాచలం రోడ్డులో అడవి కొట్టి కట్టింది. మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వెళ్లిపోతూ, తాము ఆడుకున్న ఆరు కార్లను క్లబ్బుకు వదిలిపోయారు. ఒక్కోటి మూరెడు పొడవు. బ్యాటరీతో నడుస్తుంది, చేతిలో రిమోట్ ఉంటుంది. రిమోట్‌లో ఒకటి, కారులో ఒకటి, గోరంత క్రిస్టల్ ఉంటుంది. ఆ రెండూ జత. జతకో రంగు. ఒకే రంగున్న రెండు రిమోట్లు ఒకేసారి ఆన్ చేస్తే కారుకు ఎవరి మాట వినాలో తెలియదు, పిచ్చిపట్టినట్టు ఎటో దూసుకుపోతుంది. అందుకని వాళ్లొక పద్ధతి నేర్పారు. ఒక చెక్కకు బట్టలారేసే క్లిప్పులు పెట్టి ఉంటాయి, రంగుకొకటి. నీ రంగు క్లిప్పు తీసి చొక్కాకు పెట్టుకున్నాకే రిమోట్ ఆన్ చేయాలి. క్లిప్పు చెక్క మీద లేదంటే వేరేవాడు ఆడుతున్నట్టు. చేతులు కట్టుకుని కూర్చోవాలి.

కార్లు ఆరు, రంగులు ఐదే కాబట్టి, ఆడేవాళ్లకు పంచితే పసుపు రంగు ఇద్దరికి వచ్చింది. నాకూ, జైరాంకూ.

నేను ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పర్మనెంటు. మాది ఎర్రుపాలెం, కాస్తో కూస్తో పొలం ఉన్న కుటుంబం. జైరాం తిరుమలాయపాలెం దగ్గర తండావాడు, ఐటీఐ చదివి కాంట్రాక్టు ఫిట్టరుగా వచ్చాడు. క్లబ్బులో ఆఫీసర్ల పక్కన నిలబడడానికే బెదిరేవాడు గాని, రిమోట్ చేతికిస్తే ఆ కారు వాడి మనసు చదివినట్టు మలుపు తిరిగేది. నాకు ఈర్ష్యగా ఉండేది. ఉన్నమాటే, ఎందుకు దాచాలి.

ఆ రోజు ఆఖరి పందెం. పసుపు క్లిప్పు జైరాం చొక్కాకు ఉంది. నేను టెంటు వెనకాల కూర్చుని, బిగుసుకుపోయిన నా కారు స్టీరింగు బాగుచేస్తున్నాను. పనిచేస్తుందో లేదో ఒక్క నిమిషం చూద్దామనిపించింది. ఏరియల్ ముడిచే ఉంచాను. ముడిస్తే సిగ్నల్ నాలుగడుగులు దాటి పోదనుకున్నాను. పదేళ్లు మీటర్లు బాగుచేసినవాణ్ణి, అంత తెలివితక్కువ పని చేశాను. ఆన్ చేసి మీట నొక్కానో లేదో, అవతల కేకలు. జైరాం కారు పందెం గీత దాటి, కుర్చీల వరసలోకి దూసుకెళ్లి, ఒక పెద్దాఫీసరు అత్తగారి చీలమండకు కొట్టుకుంది. ఎముక చిట్లింది.

"తండా నుంచొచ్చినోడి చేతికి రిమోట్ ఇస్తే గిట్లనే ఉంటది" అన్నాడు స్టోర్స్ ఆఫీసరు, అందరికీ వినబడేట్టు.

జైరాం కారు విప్పి చూశాడు. ఒక తీగె ఊడి ఉంది. కుర్చీని గుద్దినప్పుడు ఊడింది అది. వాడు మాత్రం తన టంకమే సరిగా లేదనుకున్నాడు. మైదానం మధ్యలో నిలబడి అందరి ముందూ చేతులు జోడించి తప్పు నాదేనన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా రిమోట్ సంచిలో పెట్టుకుని నిలుచున్నాను. క్లబ్బుకు రావద్దన్నారు వాణ్ణి. రెండు నెలలకు కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ పిలవలేదు. ఊరు వదిలిపోయాడు.

ఇంత జరిగినా, నోటీసు చూడగానే నా వేళ్లు దురదపెట్టాయి. అది నా బుద్ధి. కారు విప్పాను. టైర్లు బీటలు వారాయి. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అంటించాను. వాచ్‌మెన్ల వాకీటాకీల్లోంచి తీసి పారేసిన బ్యాటరీ సెల్లులు నాలుగు రోజులు వెతికి, బతికున్నవి ఆరు ఏరి, వరసగా టంకం పెట్టాను. గేరు పళ్లు అరిగిపోయాయి. హైదరాబాదు వెళ్లి కోఠీలో పూటంతా తిరిగి, అచ్చం అలాంటిదే తెచ్చాను. పళ్లు లెక్కపెట్టుకునే కొన్నాను, ఇదీ యాభై ఎనిమిదే, అదీ యాభై ఎనిమిదే. బిగించి తిప్పితే పది నిమిషాల్లో సగం పళ్లు పిండి పిండి అయ్యాయి. అన్నిటికన్నా పెద్ద గొడవ క్రిస్టల్. రిమోట్‌లో బ్యాటరీ కారి, దాని కాళ్లు తుప్పుతో రాలిపోయాయి. కారులోది మాత్రం నిక్షేపంలా ఉంది. జంటలో ఒకటి పోయాక రెండోది ఎందుకు?

అన్నం సయించలేదు. డ్యూటీలో ఒక మీటరు తలకిందులుగా బిగించాను. ఖమ్మంలో నాలుగు రేడియో షాపులు తిరిగాను. నాలుగో షాపతను క్రిస్టల్ వెలుతురుకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిసువంటిది మాకాడ దొరకదు సార్. మిర్చి యార్డు ఎనక జైరాం అని ఉన్నడు, మందు కొట్టే మిషన్లు బాగుచేస్తడు. గాయన కాడొకసారి చూసిన."

ఆ పేరు వినగానే నా భుజాలు నేనే తడుముకున్నాను.

యార్డు చుట్టూ రెండుసార్లు తిరిగాను. మిర్చి ఘాటుకు తుమ్ములే తుమ్ములు. బస్టాండుకు వెళ్లిపోదామనుకున్నాను. వాడి దగ్గర క్రిస్టల్ అడిగి తీసుకుని, నోరు మూసుకుని వచ్చేయొచ్చని కూడా అనుకున్నాను. ఏది చేస్తానో తేలకుండానే కాళ్లు షాపు ముందు ఆగాయి.

"పున్నయ్యన్న! గిదేంది, దారి తప్పినవా?" జైరాం నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. జుట్టు సగం నెరిసింది. లోపలున్న భార్యను కేకేశాడు. "ద్వాలీ, చాయ్ పెట్టు. మా బసవపున్నయ్యన్న వచ్చిండు, ఫ్యాక్టరీల ఉంటుండె, చెప్పలే?"

నేను సంచిలోంచి కారు తీస్తే వాడి కళ్లు వెలిగాయి. నేను వచ్చిన పని చెప్పకముందే గేరు తీసి చూశాడు. బట్టల సబ్బు బిళ్ల తెచ్చి, మోటారుకున్న పళ్లచక్రాన్ని దాని మీద దొర్లించాడు. ఆ గాట్లలోనే నేను కోఠీలో కొన్న గేరు ముక్క దొర్లించాడు.

"ఐదో పన్ను కాడ చూడన్నా. గాటు తప్పింది. లెక్క ఒక్కటే అయితే సరిపోదు, పన్ను సైజు కూడ కలవాలె. గిది నేను కోసిస్త."

క్రిస్టల్ మాట ఎత్తితే, గూట్లోంచి ఒక చిన్న డబ్బా తీసి, దూదిలో చుట్టిన పసుపు క్రిస్టల్ నా అరచేతిలో పెట్టాడు. "నా కారు ఎన్నడో విప్పేసిన. రిమోట్‌ల గిదొక్కటి పారేయబుద్ధి కాలే. నువ్వన్న ఆడు."

అంతే. వచ్చిన పని అయిపోయింది. జేబులో వేసుకున్నాను. వాడు నైలాన్ ముక్క బిగించి లేత్ తిప్పాడు. ఒక పన్ను కోసి, కొంచెం జరిపి, ఇంకో పన్ను. నేను కూర్చున్నాను, లేచాను, వీధిలోకి చూశాను, చాయ్ గబగబా తాగి నాలుక కాల్చుకున్నాను.

"కూసో అన్నా, అంత జల్దీ ఏమున్నది?" అన్నాడు.

"కూసోబెట్టుడు ఈయనకు బాగ ఎర్క" అంది ద్వాలి నవ్వుతూ. "మోపెడ్ కొన్నడు గద, నడిపేది నేను. ఈయన ఎన్క కూసుండి నా భుజం పట్టుకుంటడు. బజారంత నవ్వుతది."

"నవ్వనీ" అన్నాడు జైరాం, కళ్లు పని మీంచి తీయకుండా. "నా చేతులల్ల ఏదున్నా ఎవల్నో ఒకల్ని గుద్దుతదనిపిస్తదన్నా. మిషన్ బాగుచేస్త, స్టార్టు మాత్రం నేను చెయ్య. గా ముసలమ్మ అరుపు ఇంక చెవులల్లనే ఉన్నది. టంకం సరిగ పెడితే ఆ తీగె ఊడకపోతుండె."

 ఉద్యోగం పోయిందని తెలుసు, పరువు పోయిందని తెలుసు. వాడు తన చేతుల్నే నమ్మడం మానేశాడని మాత్రం నాకు తెలియదు. ఇంక ఆగలేకపోయాను.

"జైరాం, లేత్ ఆపు."

ఆపాడు.

"నీ టంకంలో తప్పులేదు. ఆ రోజు నేను టెంటు వెనకాల నా రిమోట్ ఆన్ చేశాను."

వాడికి అర్థం కాలేదు. "క్లిప్పు నా అంగికున్నది గదన్నా."

"ఉంది. క్లిప్పు లేకుండానే ఆన్ చేశాను. ఏరియల్ ముడిచే ఉంది గదా, అందదనుకున్నాను. నేను మీట నొక్కబట్టే నీ కారు ఉరికింది. తీగె తరువాత ఊడింది. అందరూ నిన్నంటుంటే చూస్తూ నిలబడ్డాను."

 జైరాం నన్ను చూడలేదు. తన రెండు చేతుల్నీ వెనక్కి ముందుకి తిప్పి చూసుకున్నాడు.

"క్లిప్పు నా కాడున్నది" అన్నాడు మెల్లగా. "గందుకే ఇంకొకల మీద అనుమానమే రాలే. క్లిప్పు లేకుంట ఎవడన్న ఆన్ చేస్తడా?"

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు మళ్లీ లేత్ తిప్పి, మిగిలిన తొమ్మిది పళ్లూ కోశాడు. ఒక్కటీ తప్పుపోలేదు. గేరు కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు.

"తీసుకోండి సార్. మీరు గెలిస్తరో ఓడుతరో నాకొద్దు. నేను ఏడ చేతులు జోడించిన్నో, గాడనే మైక్‌ల చెప్పాలె. నేనొచ్చి వింట."

చెప్తానన్నాను. ఆ తరువాత పది రోజులు నేను ఎలా గడిపానో నిర్మలాదేవిని అడగాలి. ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడోనాడు చొక్కా ఇస్త్రీ చేస్తూ, "చెప్పకుండా ఇంటికి రాకు" అంది.

కారు మాత్రం అద్భుతంగా పరిగెత్తింది. ఆ గేరు చప్పుడే చేయలేదు.

ఇరవై ఆరున జెండా ఎగిరాక పందేనికి అందరూ మైదానంలో చేరారు. కుర్చీలు పాత చోటే వేశారు. జైరాం, ద్వాలి కుర్చీల వెనకాల, కంచె దగ్గర నిలుచున్నారు. ఎవరూ వాళ్లను కూర్చోమనలేదు.  మైకు తీసుకున్నాను. ఏం జరిగిందో, ఎవరు చేశారో, ఎవరు మోశారో, ఏదీ మింగకుండా చెప్పాను. జైరాం పేరు మూడుసార్లు చెప్పాను. అక్కడే ఉన్నాడని చేయెత్తి చూపించాను. 

 అప్పుడు స్టోర్స్ ఆఫీసరు లేచాడు. రిటైరు కావొస్తున్నాడు. నా చేతిలోంచి మైకు తీసుకుని, నా భుజం మీద చేయి వేశాడు.

"ఈ రోజుల్లో ఇట్ల ఒప్పుకునే మనిషి ఎవరుంటరు చెప్పండి? పున్నయ్యగారిది ఎంత పెద్ద మనసు!"

మొదట ముందు వరసలో చప్పట్లు మొదలుపెట్టారు, తరువాత మైదానమంతా. "నాకు కాదు, అటు చూడండి" అని అరిచాను. మైకు నా దగ్గర లేదు. నా గొంతు ఎవరికీ వినబడలేదు. కంచె దగ్గర జైరాం ఒక్క క్షణం నన్ను చూసి, ద్వాలి వెంట గేటు వైపు నడిచాడు.

నేను తప్పు ఒప్పుకుంటే చప్పట్లు కొట్టారు. చేయని తప్పు వాడు ఒప్పుకున్న రోజున, అదే చోట, ఒక్క చేయీ కదల్లేదు.