గంటలో మాయమయ్యే క్షమాపణ

కళ్ళద్దాల దుకాణం యజమానిని బజారంతా గప్‌చుప్ అని పిలిచేవారు. ఆయన ముందు కాదు, వెనకాల. ముందు పిలిస్తే ఆ పేరు మీకెలా తెలిసింది, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుకున్నారు అని ఆరా తీస్తాడని భయం.

పుట్టుకతో ఆయనేం అలాంటి మనిషి కాదు. నాలుగేళ్ళ కిందట ఆయన అన్నగారు ఆయనకి కారు నేర్పబూనాడు. అన్నగారిది డ్రైవింగ్ స్కూలు, ఊళ్ళో సగంమంది చేత స్టీరింగు పట్టించిన చెయ్యి. సొంత తమ్ముడు మాత్రం ఆయన పరువు తీశాడు. రివర్సు చేయబోయి ఒకే గేటుని ఆరుసార్లు గుద్దాడు. ఆరోసారి స్టీరింగు మీద తలపెట్టి భోరుమన్నాడు. అన్నగారు దాన్ని వీడియో తీసి, పకపకా నవ్వుతూ, అరవైమంది ఉన్న చుట్టాల గ్రూపులో పడేశాడు. సాయంత్రానికి అది ఊరు చుట్టేసింది. మర్నాడు దుకాణానికి వచ్చిన ఒకావిడ అద్దాలు పెట్టుకుని చూసి, "గేటు వీడియోలో ఉన్నది మీరే కదండీ! ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు" అంది.

ఆ రోజుతో అన్నదమ్ముల మధ్య మాట పోయింది. తమ్ముడికి లోకం మీద నమ్మకం కూడా పోయింది. నెంబరు మార్చాడు. ఫోనులో కంపెనీవాడు పెట్టిన సిస్టమ్ మొత్తం తీసేసి, జీతం తీసుకోకుండా ఏ మూలో కూర్చుని ఎవరో రాసిన సిస్టమ్ ఎక్కించాడు. దానికి రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం ఫోను చచ్చి ఊరుకుంది. రెండో ఆదివారం లేచింది కానీ, బ్యాంకు యాప్ తెరవబోతే "మీ ఫోను నమ్మదగినది కాదు" అని మొహం మీదే చెప్పింది. ఎవర్నీ నమ్మని మనిషికి ఆ మాట ఎక్కడో తగిలింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఇక మాట్లాడుకోవడానికి ఒకే ఒక్క యాప్ ఉంచుకున్నాడు. దానికి నెంబరు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. దుకాణం తలుపుకి అంటించిన నలుపూ తెలుపూ గళ్ళ బొమ్మని ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. వచ్చిన సందేశం చదివిన గంటకి దానంతటదే చెరిగిపోతుంది. స్క్రీన్‌షాట్ తీయడానికి వీల్లేదు. ఇవన్నీ ఆయనే ఏరికోరి పెట్టుకున్న ఏర్పాట్లు.

ఆ శనివారం మధ్యాహ్నం ఒక అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీస్తుండగా ఫోను టింగుమంది. ఎవరో కొత్తవాళ్ళు. తెరిచి చూశాడు.

"ఒరేయ్, ఆ వీడియో పెట్టడం తప్పు. నువ్వు ఏడుస్తుంటే నవ్వడం ఇంకా పెద్ద తప్పు. రెండూ నావే. రేపు పొద్దున పదింటికి కొత్తింటికి రా. రాకపోతే నీకిష్టం లేదనుకుంటాను. మళ్ళీ నీ జోలికి రాను."

కింద రెండు వరుసల పొడుగున కొత్తింటి చిరునామా ఉంది.

దుకాణం మూసి ఉన్నప్పుడు ఆ పెద్దమనిషి దొంగలా వచ్చి తలుపు దగ్గర స్కాన్ చేసుకుని వెళ్ళాడన్నమాట. తమ్ముడి చేతిలో అద్దం పుటుక్కుమంది. ఆయన పట్టించుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నోట తప్పు అనే మాట ఇతరుల గురించే విన్నాడు. సందేశాన్ని పదకొండుసార్లు చదువుకున్నాడు, చదివిన ప్రతిసారీ "రెండూ నావే" దగ్గర ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. చిరునామా ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

పోయింది. గంట కాగానే తెర తెల్లగా, అమాయకంగా మెరిసింది.

కంగారుగా "అన్నయ్యా, చిరునామా మళ్ళీ పంపు" అని కొట్టాడు. ఈ సభ్యుడు ఇప్పుడు లేరని జవాబొచ్చింది. దుకాణం కట్టేసి డ్రైవింగ్ స్కూలుకి పరుగెత్తాడు. షట్టరు దించేసి ఉంది. బోర్డు మీద నెంబరు చూసి ఫోను చేశాడు. అది ఆ షట్టరు వెనకే గణగణా మోగింది. ఆఖరి కూత దాకా నిలబడి విన్నాడు. అన్నగారి పాతింటికి వెళ్తే తాళం వేలాడుతోంది. చుట్టాల నెంబర్లేమో నాలుగేళ్ళ కిందటే ఒక్కటి మిగల్చకుండా చెరిపేశాడు.

దీపాల వేళకి ఇల్లు చేరి, కుర్చీలో కూలబడి భార్యకి అంతా చెప్పాడు.

"నాలుగేళ్ళకి దిగొచ్చాడే. రేపు పదింటికి నేను వెళ్ళకపోతే ఇంక జన్మలో నా మొహం చూడడు. ఆయన సంగతి నాకు తెలుసు."

"అయితే వెళ్ళండి."

"ఎక్కడికే? ఇల్లెక్కడో తెలిస్తే కదా!"

భార్య తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుని తన ఫోను తీసింది. ఊరందరూ వాడే మామూలు ఫోను, ఆయన లెక్కప్రకారం వంద చిల్లులున్న ఫోను. రెండుసార్లు నొక్కి ఆయన ముందు పెట్టింది. తోడికోడలితో ఆవిడ మాటలు కొండవీటి చాంతాడంత ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. కొత్తింటి పునాది ఫోటో, గోడల ఫోటో, గేటు ఫోటో, చిరునామా అన్నీ ఉన్నాయి.

"నువ్వు... వదినతో... రోజూ?"

"మీరిద్దరూ మాట్లాడుకోకపోతే మేమెందుకు మానుకోవాలండీ?"

"నాకు తెలియకుండా ఎలా దాచావే?"

"నోరు మూసుకుని. దానికి యాప్ అక్కర్లేదు."

ఆయనకి కోపం రావాలి, రాలేదు. లేచి భార్య రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మీద అంత ప్రేమ పుట్టిన సాయంత్రం ఇంకోటి లేదు.

మర్నాడు పదింటికి పది నిమిషాల ముందే భార్యాభర్తలు కొత్తింటి గేటు దగ్గర నిలబడ్డారు. అన్నగారు తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి చెప్పులొకరు చూసుకున్నారు.

"అందిందా?" అన్నాడు అన్నగారు.

"ఆఁ."

"పంపగానే సిగ్గేసి ఆ యాప్ పీకి పారేశాన్రా. ఏం రాశానో ఏమిటో."

అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలడు తమ్ముడు. కానీ అన్నయ్య మెడ మీద చెమట చూసి ఆయన మనసొప్పలేదు. "ఏముందన్నయ్యా, ఇంటికి రమ్మన్నావు. అంతే" అన్నాడు.

అన్నగారు ఊపిరి వదిలాడు. లోపలికి రెండడుగులు వేశాడు. అక్కడే ఆగిపోయి వెనక్కి తిరిగాడు.

"అంతే కాదు. ఆ వీడియో పెట్టడం తప్పని రాశాను. నువ్వేడుస్తుంటే నవ్వానని రాశాను. తప్పు నాదేరా!"

ఇంజన్ల మోతలో పాతికేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు అది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ చెయ్యి ఆపేసింది. పక్కింటాయన కారు తుడిచే గుడ్డ పట్టుకునే గోడ దగ్గరికి వచ్చాడు. భార్య కంగారుగా గప్‌చుప్ వైపు చూసింది, ఇప్పుడు ఈయన అందరినీ లోపలికి తోసి తలుపులేస్తాడని.

ఆయన కదల్లేదు. తలెత్తి ఎదురింటి మేడ వైపు చూశాడు.

"మేడమీదావిడకి సరిగ్గా వినపడలేదేమో అన్నయ్యా," అన్నాడు, "ఇంకోసారి చెప్పు."