యుద్ధానికి పావుగంట

తమ ఊళ్ళో ఒకప్పుడు యుద్ధం జరిగిందన్న సంగతి, జనరల్‌గారి ప్రయాణం ఖాయమయ్యాకే తిమ్మారెడ్డికి తెలిసింది.

అది కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. రిటైరైన జనరల్ ఒకాయన సికింద్రాబాదు నుంచి బెజవాడకు పోతూ ద్రోణాచలం జంక్షన్లో బండి మారాలి. పొద్దున దిగితే మధ్యాహ్నం దాకా రెండో బండి లేదు. ఆయనకు పాత యుద్ధభూములంటే ప్రాణమట. ఆ మధ్య వేళలో చుట్టుపక్కల అలాంటిదేదైనా ఉంటే చూపించమని కచేరీకి కబురు పెట్టాడు. ఆ కబురు ఒక గుమాస్తా నోట జారి నల్లగుండ్లపల్లె పంచాయతీ ప్రెసిడెంటు తిమ్మారెడ్డి చెవిన పడింది. నల్లగుండ్లపల్లె జంక్షనుకు ఐదారు మైళ్ళు. రోడ్డు లేదు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిన తిమ్మారెడ్డికి, ఒక జనరల్ కూర్చున్న జీపు గుంతలో దిగబడితే తప్ప ఆ రోడ్డు రాదని తట్టింది. పైగా ఎలక్షన్లు వస్తున్నాయి. జనరల్ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటుంటే, టిక్కెట్టు అడగడానికి పోయినప్పుడు చేతిలో పట్టుకోవడానికి బాగుంటుంది.

ఊరి మిషన్ బడిలో మాస్టరు ప్రేమయ్య, ఊరి బయటి పాలెం మనిషి. ఇంగ్లీషులో మాట్లాడి, అవతలివాడు ఇంగ్లీషులో అన్నదానికి అర్థం చెప్పగలిగింది ఆయనొక్కడే. మామూలు రోజుల్లో తిమ్మారెడ్డి ఆయన్ని "ఏమప్పా ప్రేమయ్యా" అని వీధిలోనే నిలబెట్టి మాట్లాడతాడు. ఆ రోజు మనిషిని పంపి పిలిపించి, వసారాలో స్టూలు వేయించి, "రా మేష్ట్రూ, కూచో" అన్నాడు. స్టూలు చూడగానే ఏదో రాతపని ఉందని ప్రేమయ్యకు అర్థమైంది.

ఊరవతల ఉన్న దండుమెట్ట మీద ఏ యుద్ధం జరిగిందో చెప్పమన్నాడు తిమ్మారెడ్డి.

ప్రేమయ్య మాటను తూచి వాడే మనిషి. పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే చెప్పాడు. ఎవరిదో దండు ఒకటి వచ్చి ఆ మెట్ట మీద దిగింది. ఊరివాళ్ళు పిల్లాజెల్లాతో కొండల్లోకి పారిపోయారు. దండు ఊళ్ళో ఉన్న గొర్రెలన్నీ కోసుకుని తిని, బావి ఖాళీ చేసి, తన దారిన తాను పోయింది. ఊరివాళ్ళు తిరిగొచ్చారు. అంతే.

"దండు వచ్చిండాది గదా," అన్నాడు తిమ్మారెడ్డి. "వచ్చిన దండు వట్టి గొర్రెలు తిని పోతాదా? ఎవురో ఒగురు అడ్డం పడింటారు. మా ముత్తాతే పడింటాడు."

పక్కనే కూర్చున్న సుబ్బయ్యశెట్టి అది నిజమేనన్నాడు. శెట్టికి బేతంచెర్లలో నాపరాళ్ళ గని, ఒక లారీ ఉన్నాయి. రోడ్డు పడితే లారీ నడుస్తుంది కాబట్టి యుద్ధం జరిగిందనడంలో ఆయనకూ అనుమానం లేదు.

అలా ఆ వసారాలో యుద్ధానికి ముహూర్తం పెట్టారు. మొదట శత్రువు నవాబు. కానీ తిమ్మారెడ్డికి కర్నూలులో సాయిబుల ఓట్లు చాలా కావాలి. అందుకని శత్రువు కుంఫిణీవాళ్ళయ్యారు. ఈ జనరల్ కూడా ఒకనాడు తెల్లదొరల కింద పనిచేసినవాడేగదా, మనసు నొచ్చుకుంటాడేమోనని శెట్టికి భయం పట్టుకుంది. చివరికి ఎవరి పేరూ లేకుండా 'శత్రువులు' అని రాయమన్నారు. మనవాళ్ళు ఎంతమంది చచ్చిపోయారని ప్రేమయ్య అడిగితే తిమ్మారెడ్డి నూరుమంది అన్నాడు. నూరుమందికి జనరల్ జీపు ఎక్కుతాడా, వెయ్యి అని రాయమన్నాడు శెట్టి.

తరవాత వేళల లెక్క. స్టేషనులో పూలదండలు, సన్నాయి మేళం. శెట్టి ఇంట్లో కాఫీ. బడిపిల్లల పాట. పంచాయతీ ఆఫీసులో సన్మానపత్రం. తిమ్మారెడ్డి ఇంట్లో భోజనం, అందుకు కర్నూలు నుంచి వంటమనిషి. ఫోటో. మళ్ళీ స్టేషను. అన్నీ కలిపి చూస్తే యుద్ధభూమికి మిగిలింది పావుగంట. దండుమెట్ట ఎక్కి దిగడానికే గంట పడుతుంది.

భోజనం తగ్గిద్దామని శెట్టి అనలేదు. కాఫీ మానేద్దామని రెడ్డి అనలేదు.

"మెట్ట దూరమైతే ఏమాయ," అన్నాడు చివరికి తిమ్మారెడ్డి, "యుద్ధాన్ని బాట పక్కకు తెచ్చుకుందాం. మా శెనిక్కాయ చేను ఉండాది గదా, బయలుగా ఉండాది. ఆడ పోట్లాడుకోని ఉంటారు."

అక్కడ చూడడానికి చేను తప్ప ఏమీ లేదు గనుక ఒక స్మారకశిల పాతాలనుకున్నారు. రాయి శెట్టి ఇస్తాడు. చెక్కడానికి ఓబన్న ఉన్నాడు. ఇంగ్లీషులో సన్మానపత్రం ప్రేమయ్య రాయాలి, జనరల్ వెంట ఉండి మాటలూ ఆయనే అటూ ఇటూ చెప్పాలి.

ప్రేమయ్యకు ఒక్కడే కొడుకు, దేవదానం. పోయిన యుద్ధంలో, వంతెనలు కట్టే మద్రాసు పటాలంలో సాపర్‌గా చేరాడు. బర్మాలో ఇరావతి నది మీద పని చేస్తుండగా పోయాడని తంతి వచ్చింది. శవం దొరకలేదు. బడిలో ఆసియా పటం గోడకు తగిలించినప్పుడు ప్రేమయ్య బెత్తం ఇండియా మీంచి సరాసరి సయాంకు దూకుతుంది. మధ్యలోని దేశాన్ని పిల్లలు పుస్తకంలో చదువుకుంటారు.

ఆ సాయంత్రం భార్య గురమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ రాయి సంగతి విన్నది. చెరగడం ఆపింది.

"అందరి బిడ్డలకూ మట్టో రాయో ఏదో ఒగటి ఉండాది," అన్నది. "మనోనికి గోరీ గూడా లేకపాయె. ఆ రాయి మింద వాని పేరొకటి రాస్తే వాళ్ళకేమి పోతాది? అడుగు."

బడి కప్పు కురుస్తుందని కూడా ప్రేమయ్య ఏనాడూ రెడ్డిని అడిగినవాడు కాదు. మరునాడు పోయి అడిగాడు. సన్మానపత్రం ఇంకా రాయాల్సే ఉంది కాబట్టి తిమ్మారెడ్డి వెంటనే, "అట్లనే మేష్ట్రూ, యుద్ధంలో పోయినోడే గదా, రాపిద్దాం తీ" అన్నాడు.

ప్రేమయ్య రెండు రోజులు కూర్చుని పత్రం రాసిచ్చాడు. జరగని యుద్ధం గురించి అబద్ధం లేకుండా రాయడం కష్టమే. 'ఈ ఊరివారు చెప్పుకొనేదాని ప్రకారం' అన్న మాట అందులో ప్రతి పేరాకూ ముందుంది.

మన ఊళ్ళలో బావికైనా బడికైనా సత్రానికైనా రాయి వేస్తే దాని మీద ఎవరి పేర్లుంటాయో అందరికీ తెలిసిందే. ఈ రాయీ అలాగే తయారైంది. పైన సన్నటి అక్షరాల్లో 'వీరుల జ్ఞాపకార్థం' అని ఒక్క వరుస. దాని కింద తిమ్మారెడ్డి పేరు, అక్షరం అరచేతంత. తరవాత రాయి ఇచ్చిన శెట్టి, తిమ్మారెడ్డి తమ్ముడు, చేను దున్నడం ఆపి చోటిచ్చినందుకు తిమ్మారెడ్డి పెద్దకొడుకు, సున్నం తోలించినాయన, జీపు ఇస్తానన్నాయన. అట్టడుగున జానెడు జాగాలో ఓబన్న సుద్దతో 'దేవదానం' అని గీసి పెట్టాడు, ఉలి పెట్టడమే తరువాయి. గురమ్మ ఒకసారి పోయి, చదువు రాకపోయినా ఆ సుద్దగీతల ముందు నిలబడి చూసి వచ్చింది.

జనరల్ వచ్చే ముందురోజు ప్రేమయ్య పోయి చూస్తే ఆ జాగాలో శెట్టి బావమరిది పేరు చెక్కి ఉంది. కర్నూలు నుంచి వంటమనిషిని మాట్లాడి పంపింది ఆయనేనట.

"నాదేముండాది అయ్యవారూ," అన్నాడు ఓబన్న ఉలి చేతిలో పట్టుకుని. "వాళ్ళు రాయమన్నేది రాస్తాండా."

ప్రేమయ్య తిమ్మారెడ్డి ఇంటికి పోయాడు. వసారాలో స్టూలు లేదు.

"ఏమప్పా ప్రేమయ్యా, నీకు తెలీనిదేముండాది," అన్నాడు తిమ్మారెడ్డి. "అది ఊరి రాయి. మా పెద్దల పేర్ల సరసన మీ పాలెం పేరు పెడితే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? మీకు మీ పాలెంలో వేరే రాయి వేపిస్తా, ఎలక్షన్లు కానీ. రేపు పొద్దున్నే వచ్చేయ్. నన్ను జనరల్‌కు చెప్పేటప్పుడు పేరు పెట్టి చెప్పొద్దు. ప్రెసిడెంటు అనల్ల. శెట్టిని చైర్మన్ అను."

ఆ రాత్రి ఆయన ముఖం చూడగానే గురమ్మకు తెలిసిపోయింది. పొద్దున్నే ఆయన ఉతికిన పంచె కట్టుకుంటుంటే, పోకుంటే ఏమి అన్నది. వస్తానని మాట ఇచ్చానన్నాడాయన.

బండి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ పది నిమిషాలను ఎందులో తగ్గించాలో ముందే అనుకోలేదు కాబట్టి ఎందులోనూ తగ్గించలేదు. జనరల్ సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలాయన. మలబారు వైపు వాడు, తెలుగు ముక్క రాదు. ప్రేమయ్య చెప్పమన్నట్టే చెప్పాడు: వీరు ప్రెసిడెంటు, వీరు చైర్మన్. దండలు పడ్డాయి. జీపు గుంతలో దిగబడింది, తిమ్మారెడ్డి కళ్ళు మెరిశాయి. కాఫీ అయింది, పాట అయింది, పత్రం అయింది. ప్రతిదాని తరవాతా జనరల్ గడియారం చూసుకుని, యుద్ధభూమి ఎక్కడని అడుగుతున్నాడు.

"ఇంగ రెండు ముద్దలు తినమను," అన్నాడు భోజనాల దగ్గర తిమ్మారెడ్డి.

చివరికి చేనికి చేరేసరికి పావుగంటలో ఐదు నిమిషాలే మిగిలాయి. శనక్కాయ పీకేసిన చేను. మేకలు తిరుగుతున్నాయి. శత్రువులు ఎటు నుంచి వచ్చారని జనరల్ అడిగాడు. ప్రేమయ్య ఆ మాట తెలుగులో చెప్పగానే తిమ్మారెడ్డి తూర్పు చూపించాడు, శెట్టి పడమర చూపించాడు.

చుట్టుముట్టారన్నమాట, అని జనరల్ తల పంకించాడు.

తరవాత ఆయన కళ్ళు రాయి మీద పడ్డాయి. దగ్గరికి నడిచాడు. ఆయన చూసిన దేశాలన్నిటా యుద్ధం జరిగినచోట రాయి ఉంటే దానిమీద ఉండేవి పోయినవాళ్ళ పేర్లే. వేలితో వరుసలు చూపించి, ఇవి పేర్లేనా అని ప్రేమయ్యను అడిగాడు.

"అవునండీ. పేర్లే," అన్నాడు ప్రేమయ్య ఇంగ్లీషులో.

జనరల్ టోపీ తీశాడు. చదవమన్నాడు.

ప్రేమయ్య రాయి వైపు చూశాడు. పేరు పేరుకూ ముందు ఒక బిరుదు, వెనక ఒక దానం ఉన్నాయి. అడిగింది పేర్లు కాబట్టి అవన్నీ వదిలేసి పేర్లే చదివాడు. తిమ్మారెడ్డి. సుబ్బయ్యశెట్టి. ఒక్కొక్క పేరుకూ జనరల్ తల వంచుతున్నాడు. తన పేరు వినపడగానే ఎదుటివాడు టోపీ తీసి తల వంచడం తిమ్మారెడ్డికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఆయన రొమ్ము విరుచుకుని, దండ సర్దుకుని, ఫోటో తీసేవాడికి కన్నుగీటాడు. శెట్టి బావమరిది పేరుతో వరుస అయిపోయింది.

ఇంతేనా, అన్నాడు జనరల్.

"రాయి మీద ఇంతే," అన్నాడు ప్రేమయ్య. "చెక్కని పేరు ఒకటి ఉంది."

అదీ చదవమన్నాడాయన.

చదవడానికి అక్కడ ఏమీ లేదు. ప్రేమయ్య చేతులు కట్టుకుని చెప్పాడు. "సాపర్ దేవదానం. ఇరావతి నది."

జనరల్ ఈసారి రాయి వైపు చూడలేదు. ప్రేమయ్య వైపు చూశాడు. అట్లాగే టోపీ చేతిలో పట్టుకుని, ఎండలో, కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడిపోయాడు. వెనక మేళం వాళ్ళు ఏమైందోనని ఊదడం ఆపేశారు.

జీపు దగ్గర ఆయన, రాయి మీది వాళ్ళ వంశం వాళ్ళు ఎవరైనా మిగిలి ఉన్నారా అని అడిగాడు. ఉన్నారు, ఈయన వాళ్ళలో ఒకరు, అని ప్రేమయ్య ప్రెసిడెంటును చూపించాడు. జనరల్ రెండు చేతులా తిమ్మారెడ్డి చేయి పట్టుకుని మరిచిపోనంటూ మెల్లగా ఏవో పరామర్శ మాటలు చెప్పాడు. తిమ్మారెడ్డి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఇంత దుఃఖాన్ని ఇంతగా దిగమింగిన మనిషిని తాను చూడలేదని జనరల్ ప్రేమయ్యతో అన్నాడు. ఆ ముక్క మాత్రం ప్రేమయ్య తెలుగులో చెప్పలేదు.

స్టేషను నుంచి తిరిగొస్తూ తిమ్మారెడ్డి, ఏమన్యాడు మేష్ట్రూ, ఏమన్యాడు అని దారి పొడుగునా అడిగాడు. మిమ్మల్ని మరిచిపోనన్నాడని ప్రేమయ్య చెప్పాడు. అది నిజమే. ఆ ఫోటోకు పటం కట్టించి తిమ్మారెడ్డి వసారాలో చాలా ఏళ్ళు ఉంచుకున్నాడు. దండ వేసుకుని నవ్వుతున్న ప్రెసిడెంటు, పక్కన టోపీ తీసి తల వంచుకున్న జనరల్. టిక్కెట్టు వేరేవాళ్ళకు వచ్చింది. రోడ్డు రాలేదు.

గురమ్మ ఇంటి ముందే కూర్చుని ఉంది. ప్రేమయ్య చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాడు. ఆమె రెడ్డి సంగతికి నవ్వలేదు, శెట్టి సంగతికీ నవ్వలేదు.

"మనోని పేరు యాడ చెప్తివి?" అన్నది.

"అందరి కంటే చివర."

"అప్పటికి టోపీ పెట్టేసుకున్న్యాడా?"

"లేదు. తీసే ఉండాడు."

"ఎంతసేపు?"

ప్రేమయ్య ఆలోచించి చెప్పాడు.

"బండికి టైమైతాదని వీళ్ళు వచ్చి చెయ్యి పట్టి పిలిచేదాకా."