సభాపతి గదిలో టేకు సోఫా

నేను ముగ్గురు కూర్చునే టేకు సోఫాను. ముగ్గురనేది నన్ను చేసిన వడ్రంగి లెక్క. ప్రజాసేవ ముదిరినవాళ్ళు ఇద్దరొస్తే చాలు, నేను ఇరుకైపోతానని తర్వాత తెలిసింది. ఒక కాంట్రాక్టరు నన్ను తన ఇంటికని చేయించుకుని, రోడ్డు బిల్లు ఆగిపోతే ఒక మంత్రిగారికి కానుకగా పంపాడు. ఆ మంత్రి శాసనసభకు సభాపతి కాగానే నన్నూ వెంటబెట్టుకొచ్చాడు. బిల్లు వచ్చిందనే విన్నాను. రోడ్డు సంగతి మాత్రం నన్నడక్కండి.

ఆ ఏడు బడ్జెట్ ప్రభుత్వం గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డుపడింది. పాలకపక్షంలో కొందరు అలిగి కూర్చున్నారు. ప్రతిపక్షం చెయ్యి కలపకపోతే బడ్జెట్ నెగ్గదు, మార్చి దాటితే జీతాలూ పింఛన్లూ బందు. అందుకని ఆర్థికమంత్రి పరాంకుశం, ప్రతిపక్ష నేత కోదండం రాజీ మాటలకు సభాపతి గదికి వచ్చారు. పక్క కుర్చీలో కూర్చుంటే తగ్గినట్టవుతుందని ఇద్దరూ నా మీదే కూర్చున్నారు. మరీ ఆనుకుని కూర్చుంటే కలిసిపోయారని లోకం కోడై కూస్తుందని, మధ్యలో గోడలా ప్రతిపక్షపు కొత్త ఎమ్మెల్యే కొర్రా చిలకమ్మను కూర్చోబెట్టారు.

ఇంతకీ తగవంతా ఒక వంతెన గురించి! చిలకమ్మ వాళ్ళ కొండల్లో ఒక వాగుంది. అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. నొప్పులొచ్చిన ఆడవాళ్ళను డోలీ కట్టి ఆ గెడ్డ దాటించాలి. వాన పడితే అదీ లేదు. చిలకమ్మ సొంత చెల్లెలు గట్టు మీదే ప్రాణం వదిలింది. వంతెన తెస్తానని చెప్పే ఆవిడ ఓట్లడిగింది. బడ్జెట్లో వంతెన ఉంది కూడా. దానికి ముఖ్యమంత్రిగారి తండ్రి పేరు పెట్టాలని వీళ్ళు, తమ పార్టీ పెట్టిన పెద్దాయన పేరు పెట్టాలని వాళ్ళు.

"పేరేటి బాబూ! మా గెడ్డకే పేరు నేదు. వంతెనుంటే సాలు" అంది చిలకమ్మ.

"నువ్వుండమ్మా, ఇది సిద్ధాంతాల విషయం" అన్నాడు ఆవిడ నాయకుడు కోదండం.

మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఇద్దరూ నూనె చేతులు నాకే తుడుచుకున్నారు. ఆ ఒక్క విషయంలో ఏనాడూ ప్రతిష్టంభన లేదు. మూడో బజ్జీ తింటుండగా పరాంకుశానికి జ్ఞానోదయమైంది.

"వంతెన ఉంటేనే కదండీ పేరు గొడవ? వంతెనే తీసేస్తే?"

"భేష్! మీరూ గెలవలేదు, మేమూ ఓడలేదు" అన్నాడు కోదండం.

మిగిలిన డబ్బుతో రాజధానిలో ఇద్దరు పెద్దాయనలకూ విగ్రహాలు పెట్టాలనుకున్నారు. ఎత్తు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. అంగుళం తేడా ఉండకూడదని తేల్చుకుని, చిలకమ్మ ఒడి మీదుగానే చేతులు కలిపారు.

ఆవిడ ఎలా వణికిందో నా స్ప్రింగులకు తెలుసు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, లేచి నిలబడింది.

"ఆ ఇగ్రహాలు నిలబెట్టకండి బాబూ. తెచ్చి మా గెడ్డకి అడ్డంగా పడుకోబెట్టీండి. ఆల మీంచి నడిసెల్లిపోతాం."

ఇద్దరూ పకపకా నవ్వారు. కొండమనిషి భలే చమత్కారి అని మెచ్చుకున్నారు కూడా. మర్నాడు బడ్జెట్ నెగ్గింది. రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. వద్దంటూ ఒక్క చెయ్యే లేచింది. రాష్ట్ర ప్రయోజనాలకు అడ్డుపడిందని చిలకమ్మను పార్టీ సస్పెండ్ చేసింది.

శత్రువులిద్దరూ ఒకే సోఫా మీద కూర్చున్న ఫోటో పేపర్లో పడి, కలిసిపోయారని లోకం కూసేసరికి నా ఉద్యోగమూ ఊడింది. ఇప్పుడు శాసనసభ వెనక రేకుల షెడ్డులో, విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. ఇక్కణ్ణుంచి ఆ విగ్రహాలు రెండూ బాగా కనిపిస్తాయి. నిలబెట్టే ఉంచారు.