జోలపాటలో నిందితుఁడు

పొడిగాలులు మరుభూమిధూళిని మోసికొనివచ్చి తాళవనములకు ధూసరవస్త్రము గప్పుచున్న శీతకాలపు మధ్యాహ్నమున ఆఫ్రికాఖండమందలి ఉక్వువాని యను సీమలో నొక నదీతీరగ్రామమున తగవులు దీర్చు పెద్దయైన ఎనెబెలి తన పంచలో గంభీరముగా నాసీనుఁడై యుండెను. సాక్ష్యము లేక చీమనైనను తప్పుపట్టని యా ధర్మనిష్ఠాగరిష్ఠుఁడు రెండు కుటుంబములవారు మూడేండ్లుగా గొంతులు చించుకొనుచున్న పెండలపుతోట గట్టుతగవు నానాఁడు తేల్పవలసి యుండెను. తేల్పనిచో నది పొరుగూరి పెద్దచేతికిఁ బోవును. ఆ తలవంపు తలఁచుకొన్నంతనే యాతనికిఁ జెమటలు పట్టుచుండెను.

సరిగా నా వేళకే కూఁతురు ఒగో తన పసిబిడ్డయగు ఒలిసాను తండ్రి యొడిలోఁ బెట్టి సంతకు బయలుదేఱెను.

"నాయనా, వీఁ డేడ్చినచో ఒలిసాను గొట్టిన దెవ్వరని పాడుము. మేక కొట్టినదని నీవే బదులు పాడుము. నిదురవచ్చుదాఁక ఆ కొట్టినదాని పేరు మాటిమాటికిఁ బలుకుము. మన జోలపాట యంతియే."

"మేక కొట్టుట నీవు చూచితివా?"

"జోలపాటకు సాక్షులేల నాయనా?" అని యామె నవ్వుచు వెడలిపోయెను.

వాదిప్రతివాదులు పంచ నెక్కుటయు పసివాఁడు మిన్నంట రోదించుటయు నొక్కమాఱే జరిగెను. ఎనెబెలి మేఘగంభీరస్వరమున "ఒలిసాను గొట్టిన దెవ్వరు?" అని పాడి యంతట నాఁగిపోయెను. "మేక యనుఁడు పెద్దయ్యా" యని వాది వేఁడెను. మేక ప్రొద్దుటినుండి గుంజకుఁ గట్టఁబడియున్నది గావున నిర్దోషియని పెద్ద తీర్పుచెప్పెను. "పోనిండు, గ్రద్ద యనుఁడు" అని ప్రతివాది బ్రతిమాలెను. గ్రద్ద నేలకు దిగినట్లు చూచినవారు లేరు. రోలును రోఁకలియు వరుసగా విడుదల పొందెను. శిశువు ముఖము కందగడ్డయయ్యెను. ఆ లేఁతకంట నీరు చూచి తాత గుండె నిజముగాఁ గరఁగెను.

"కొట్టినది తాతయే ఒలిసా, తాతయే" యని యాతఁడు తొలిసారిగా సాక్ష్యములేని నేరము నొప్పుకొని పాడెను. చిరకాలశత్రువు లిరువురును దమకుఁ దెలియకయే "తాతయే, తాతయే" యని పల్లవి యందుకొనిరి. బాలుఁడు నిద్రించెను.

పిమ్మట వాని నిద్రకు భంగము గలుగునను భీతిచే నెవ్వరును గొంతెత్తరైరి. మూడేండ్లు కేకలతోఁ దెగని తగవు గుసగుసలతో గడియలోఁ దెగెను. ఎదుటివాని తప్పును మెల్లఁగాఁ జెప్పవలసివచ్చినపుడు అందు సగము చెప్పనక్కఱలేనిదే యని యా యిరువురును దెలిసికొనిరి. మిగిలిన సగము చెప్పుటకు వారికి సిగ్గు వేసెను.